పదిహేడో పేజీ గంగమ్మ తల్లి

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో డిక్షనరీ అని ఒకటుంది, ఒక్కో కీకి ఒక్కో వాల్యూ దాచుకుని, కీ చెబితే వాల్యూ తెచ్చిచ్చే పట్టిక. దాని గురించి ఎవరైనా అడిగితే ఇరవై నిమిషాలు ఆగకుండా చెప్పగలను. కీని సంఖ్యగా మార్చే హ్యాష్ ఎలా లెక్కకడుతుంది, రెండు కీలు ఒకే గదికి వస్తే ఏం చేస్తుంది, పట్టిక ఎప్పుడు పెద్దదవుతుంది, అన్నీ. ఇంటర్వ్యూల్లో చెప్పాను. రుషికొండ మీద మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పాను. ఇంత తెలిసినవాణ్ణి, మా చిన్నమావయ్యకి రావాల్సిన 41,300 రూపాయల బాకీని గాల్లో కలిపేశాను. రెండే రెండు లైన్ల కోడ్‌తో.

మావయ్యది ఫిషింగ్ హార్బర్‌లో ఐసు వ్యాపారం. ఫ్యాక్టరీ ఏమీ లేదు. దిమ్మలు తెప్పించి, మిషన్‌లో పొడి చేయించి, పడవలకి ఎక్కిస్తాడు. వేటకి వెళ్ళేముందు ఎవరి చేతిలోనూ డబ్బుండదు, తిరిగొచ్చి చేపలు అమ్మాకే ఇస్తారు. కాబట్టి వ్యాపారం నడిచేదంతా బాకీల మీదే. ఆ లెక్క మా అత్తది. పొడుగాటి బౌండు పుస్తకం, పడవకో పేజీ. పన్నెండేళ్ళుగా ఆవిడ చేతిరాతే. నిరుడు సంక్రాంతికి మావయ్య అన్నాడు: "నువ్వు కంప్యూటర్ల మనిషివి గదా అల్లుడూ, ఇదంతా అందులోకి ఎక్కించీరాదేటి?"

ఒక ఆదివారం పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పైథాన్‌లో వేరియబుల్ పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు కాబట్టి సరదాగా అలాగే పెట్టాను. పడవ పేరు కీ, బాకీ సొమ్ము వాల్యూ. పదిహేడో పేజీ దగ్గర ఒక లైను, నలభై రెండో పేజీ దగ్గర ఇంకో లైను:

బాకీ["గంగమ్మ తల్లి"] = 41300
బాకీ["గంగమ్మ తల్లి"] = 12650

హార్బర్‌లో గంగమ్మ తల్లి పేరున్న పడవ ఒక్కటే ఉంటుందని నేను ఎందుకనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. సముద్రం మీద బతికేవాళ్ళు గంగమ్మ పేరు పెట్టుకోక ఇంకేం పెట్టుకుంటారు? రెండో లైను మొదటిదాన్ని చెరిపేసింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. డిక్షనరీకి సంబంధించినంతవరకు నేను చేసింది తప్పే కాదు; ఒకే పడవ బాకీని రెండోసారి సరిదిద్దాను, అంతే.

సోమవారం పదిహేడో పేజీ ఆసామి వచ్చాడు. మావయ్య దగ్గర పనిచేసే కుర్రాడు ఫోన్‌లో చూసి పన్నెండువేల ఆరువందల యాభై అన్నాడు. ఆసామి మామూలుగా పది రూపాయల దగ్గర కూడా బేరమాడే మనిషి. ఆరోజు మారుమాట్లాడకుండా లెక్కబెట్టి ఇచ్చేసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. నా ప్రోగ్రాం బాకీని సున్నా చేసి ఊరుకుంది. అటు నలభై రెండో పేజీ ఆయన పైసా కట్టకుండానే బాకీ తీర్చేసినవాడయ్యాడు. సాయంత్రం అత్త పుస్తకం తెరిచి అడిగింది. "పదిహేడో పేజీ వాళ్ళు పన్నెండువేలే ఇచ్చారేటి?"

ఆ ప్రశ్నలో ఒక మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. చాలా నెలల తర్వాత గాని తట్టలేదు. దాని సంగతి తర్వాత.

మనం డిక్షనరీలు నేర్చుకునే, నేర్పే పద్ధతి మీదే నా ఫిర్యాదు. జావాలో హ్యాష్‌మ్యాప్ అనండి, జావాస్క్రిప్ట్‌లో మ్యాప్ అనండి, పెర్ల్‌లో ఉత్త హ్యాష్ అనండి, అన్నీ ఇదే జాతి. వీటిని నేర్పేటప్పుడు లోపలి యంత్రం చూపిస్తారు, అక్కడితో ఆపేస్తారు. ద్వారకా నగర్ కోచింగ్ సెంటర్లలో ఏ బోర్డు చూసినా ఇదే వరస: లిస్టులో రెండు సంఖ్యల మొత్తం ఎంత కావాలో ఇస్తారు, డిక్షనరీ వాడి ఒకే చుట్టులో తేల్చమంటారు, శభాష్ అంటారు. కీ ఏదవ్వాలి అనే ప్రశ్న అక్కడ పుట్టదు, లెక్కలోనే ఇచ్చేశారు కాబట్టి. బయటి ప్రపంచంలో మాత్రం ఎవరూ ఇవ్వరు. నేను ఈ పదేళ్ళలో చూసిన డిక్షనరీ తప్పుల్లో యంత్రం చేసినవి వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు. మిగతావన్నీ కీ ఎంచుకోవడంలో మనిషి చేసినవే.

యంత్రం అందంగా ఉండదని నేననను. నాకిష్టం కాబట్టే ఇరవై నిమిషాలు చెబుతాను. పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే గూళ్ళ బల్ల ఊహించుకోండి, ఎనిమిది గూళ్ళు. పైథాన్‌లో కొత్త డిక్షనరీ మొదలయ్యేది కూడా ఎనిమిదితోనే. చిన్న పూర్ణాంకాలకి హ్యాష్ అంటే ఆ సంఖ్యే, కాబట్టి మన ఊరి పిన్‌కోడ్‌లనే కీలుగా వేద్దాం. ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషమే గూడు నంబరు. ద్వారకా నగర్ 530016, శేషం 0, సున్నా గూడు. యూనివర్సిటీ వైపు 530003, మూడో గూడు. గాజువాక 530026, రెండోది. పాత ఊళ్ళో హెడ్ పోస్టాఫీసు 530001, ఒకటో గూడు. ఇప్పుడు ఎంవీపీ కాలనీ 530017 వచ్చింది. శేషం ఒకటి. కానీ అక్కడ హెడ్ పోస్టాఫీసు ముందే కూర్చుంది. పైథాన్ కంగారుపడదు. హ్యాష్‌లో పైనున్న బిట్లని, అంటే శేషంలో లెక్కకి రాని భాగాన్ని కూడా కలుపుకుని ఇంకో గూడు వెతుక్కుంటుంది. తర్వాత ఎంవీపీ కోసం ఎవరైనా వస్తే, ముందు ఒకటో గూట్లో చూసి, "ఇది 530001, నేనడిగింది కాదు" అని పోల్చుకుని, అదే దారిలో ఎంవీపీ కూర్చున్న చోటికి వెళ్తుంది. ఐదు పిన్‌కోడ్‌లూ సర్దుకున్నాయి. ఆరోది వస్తే మూడింట రెండొంతుల హద్దు దాటుతుంది కాబట్టి, బల్ల మార్చి పెద్దది వేసి అందర్నీ మళ్ళీ కూర్చోబెడుతుంది. పది పేర్లున్నా పది లక్షల పేర్లున్నా వెతకడానికి పట్టే సమయం దాదాపు ఒకటే అన్న మాట వెనకున్న కథ ఇంతే.

ఈ ఆలోచన పాతది. 1953లో ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ రాసిన ఒక అంతర్గత మెమోలో హ్యాషింగ్, ఒకే గూటికి వచ్చినవాటిని గొలుసుకట్టుగా పెట్టడం రెండూ ఉన్నాయి. అప్పటినుంచి దీన్ని చెక్కుతూనే ఉన్నారు. 2011 డిసెంబరులో జర్మనీలో జరిగిన ఒక సమావేశంలో ఇద్దరు పరిశోధకులు, కావాలని ఒకే గూటికి వచ్చే కీలు వేలకొద్దీ పంపి వెబ్ సర్వర్లని ఊపిరాడకుండా చేయొచ్చని చూపించారు. ఆ దెబ్బకి చాలా భాషలు హ్యాష్‌లో ఒక రహస్యపు సంఖ్య కలపడం మొదలుపెట్టాయి, పైథాన్‌లో 3.3 వెర్షన్ నుంచి అది మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. పైథాన్‌ని తయారుచేసేవాళ్ళలో ఒకడైన రేమండ్ హెట్టింగర్ 2012లో డిక్షనరీకి ప్రతిపాదించిన పొదుపైన అమరిక 3.6లో వచ్చింది, 3.7 నుంచి వేసిన వరసలోనే కీలు తిరిగొస్తాయని భాషే మాటిచ్చింది. గో భాష సరిగ్గా దీనికి వ్యతిరేకం. మ్యాప్ మీద తిరిగిన ప్రతిసారీ ఎక్కడ మొదలుపెట్టాలో కావాలనే మారుస్తుంది, వరసని ఎవరూ నమ్ముకోకూడదని. నా మనసు గో వైపే, కానీ ఆ గొడవ ఇంకోరోజు.

చెప్పొచ్చేదేంటంటే, ఇంతమంది ఇన్నేళ్ళు కష్టపడి ఆ సగాన్ని నున్నగా చేసి మన చేతికిచ్చారు. మిగతా సగం, అంటే ఏది దేనికి కీ అనేది, మన నెత్తిన ఉంది. దాన్ని మనం రెండు సెకన్లలో తేల్చేస్తాం. పేరు ఉందా? పెట్టెయ్ పేరు.

పేర్ల సంగతి విశాఖలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు నిజానికి. సింహాచలం అప్పన్న పేరు లేని ఇల్లు ఈ చుట్టుపక్కల ఎన్ని? నా పదో తరగతి సెక్షన్‌లో అప్పలరాజులు నలుగురు. పంతులుగారు హాజరు పట్టీలో ఇంటిపేర్లు రాసుకున్నారు, ఇద్దరికి అవి కూడా కలిశాయి, చివరికి ఒకణ్ణి గోపాలపట్నం అప్పలరాజనీ, ఇంకొకణ్ణి కళ్ళజోడు అప్పలరాజనీ పిలిచేవారు. కళ్ళజోడువాడు తొమ్మిదో తరగతి దాకా కళ్ళజోడు పెట్టుకోలేదు, అంటే నిరుటి పట్టీలో వాడు దొరకడు. కీ మారకూడదు అన్న సూత్రం ఇదే. పైథాన్ లిస్టుని కీగా పెట్టనివ్వదు, టైప్ ఎర్రర్ అంటుంది, ఎందుకంటే లిస్టు లోపల మారిపోతే దాని గూడు ఎక్కడో ఇక తెలీదు. టపుల్, అంటే మార్చడానికి వీల్లేని జాబితా, పెట్టనిస్తుంది, లోపలున్నవి కూడా మారనివైతే. కానీ పైథాన్ కాపాడేది మెమరీలో మారకుండానే. లోకంలో కళ్ళజోడు రావడాన్ని అదేం ఆపుతుంది?

కనీసం పేరు ఒక్కటే అని తెలిసినా బాధలు పోవు. ఇదివరకు నేను పనిచేసిన ఒకచోట ఆర్డర్లని ఊళ్ళవారీగా లెక్కబెట్టే డాష్‌బోర్డు ఉండేది. ఒకరోజు అందులో వైజాగ్ రెండుసార్లు కనబడింది. ఒకదానికి వందల్లో ఆర్డర్లు, రెండోదానికి పదకొండు. విశాఖపట్నం, విశాఖ, వైజాగ్, వాల్తేరు అని నాలుగు రకాలుగా వస్తే నేను ఆశ్చర్యపోను. అవన్నీ ఒకే ఊరని చెప్పే చిన్న పట్టిక ముందే రాసుకున్నాం. ఇవి అలా కావు. అక్షరం అక్షరం ఒకేలా ఉన్నాయి. ముందూ వెనకా ఖాళీలు తీసేసినా రెండు. టెన్షన్ వచ్చేసింది, మానిటర్ దగ్గరికి మొహం పెట్టి చూశాను, రెండూ వైజాగే.

చివరికి పొడవు అడిగితే దొరికింది. వైజాగ్ అంటే కంటికి మూడక్షరాలు. పైథాన్‌కి 6: వ, ఐత్వం, జ, దీర్ఘం, గ, పొల్లు. రెండోదాని పొడవు 7 అంది. ఆ ఏడోది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు, దానికి వెడల్పు లేదు, కంటికి కనిపించదు. మనం "వైజాగ్‌లో" అని టైపు చేసేటప్పుడు గ్ కింద ల వత్తు పడిపోకుండా కీబోర్డు ఆ గుర్తుని మధ్యలో వేస్తుంది. ఎవరో "వైజాగ్‌లో" నుంచి "లో" చెరిపేసి మిగతాది కాపీ చేశారు, తోక అలాగే వచ్చింది. అది ఖాళీల కోవలోకి రాదు కాబట్టి ఖాళీలు తీసే స్ట్రిప్ దాన్ని ముట్టుకోదు. ఆ పదకొండులో ఒకదాని పొడవు కూడా ఏడే, కానీ తోక లేదు! అక్కడ ఐత్వమే రెండు ముక్కలుగా ఉంది. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం వేసి దాని కింద విడిగా ఇంకో గుర్తు పెట్టి కూడా రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు. హ్యాష్‌కి మాత్రం అవి రెండు వేరే మాటలు. ఎన్‌ఎఫ్‌సీ అనే పద్ధతిలో నార్మలైజ్ చేస్తే, అంటే అన్నిటినీ ఒకే రూపానికి తెస్తే, ఐత్వం ముక్కలు అతుక్కుంటాయి, తోక మాత్రం అలాగే ఉంటుంది, దాన్ని మనమే కోయాలి. తమాషా ఏంటంటే, పైథాన్ తన వేరియబుల్ పేర్లని ఇలా నార్మలైజ్ చేసుకుంటుంది. డిక్షనరీలో మనం పెట్టే స్ట్రింగులని, అంటే కోట్లలో రాసే మాటలని, చేయదు. తన ఇల్లు మాత్రం ఊడ్చుకుంటుంది.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్ళు దీన్ని ముందే చేసుకోవాలి, డిక్షనరీలోకి వెళ్ళే గుమ్మం దగ్గరే, ఒకే ఒక ఫంక్షన్‌లో. పెట్టేటప్పుడు ఒక రకంగా, వెతికేటప్పుడు ఇంకో రకంగా శుభ్రం చేస్తే అసలు చేయకపోవడమే మేలు.

ఇంతకన్నా కష్టమైనది, కీ అక్షరాలా ఒకటే ఉండి దాని అర్థం మారిపోవడం. ఒక చిన్న పని కోసం రెండు జిల్లాల పట్టికలు కలిపాను, 2021ది ఒకటి, 2023ది ఒకటి. "విశాఖపట్నం" అన్న కీ రెండింట్లోనూ చక్కగా కలిసింది. అంకెలు చూస్తే జిల్లాలో సగం ఖాళీ అయిపోయినట్టు! 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అరకు, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్ళాయి, అనకాపల్లి వేరే జిల్లా అయింది. పాత విశాఖపట్నం, కొత్త విశాఖపట్నం ఒకే పేరున్న రెండు ప్రాంతాలు. ఎక్కడా కీ ఎర్రర్, అంటే ఆ కీ లేదన్న ఎర్రర్, రాలేదు. వచ్చుంటే బాగుండేది. బండి నంబర్లకీ ఇదే గతి. ఏపీ 31 అంటే విశాఖ బండి అని మనందరికీ కంఠతా. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అయ్యాక, మొదటి నాలుగక్షరాలు చూసి జిల్లా తేల్చే కోడ్‌లన్నీ మూలనపడ్డాయి. కీలో అర్థం ఇరికించామా, ఆ అర్థం మారిన రోజు కీ కూడా అబద్ధమవుతుంది.

మావయ్య లెక్క దగ్గరికి వద్దాం. గంగమ్మ తల్లి గొడవ తర్వాత నేను పడవ రిజిస్ట్రేషన్ నంబరుని కీ చేశాను. పడవ పక్కన రాసే ఉంటుంది, ఇద్దరికి ఒకటే ఉండదు. బాగానే ఉందనుకున్నాను. రెండు నెలలకి ఒక పడవ చేతులు మారింది. కొన్నాయన మొదటిసారి ఐసుకి వస్తే కుర్రాడు ఫోన్ చూసి పాత బాకీ పంతొమ్మిది వేలు అన్నాడు. ఆయన అరిచిన అరుపు జెట్టీ చివరికి వినబడింది. బాకీ పడింది పడవ కాదుగా, మనిషి. మరి మనిషిని కీ చేద్దామా? ఒకాయనకి మూడు పడవలు, ఆ మూడింటి లెక్కలూ ముగ్గురు కొడుకులు విడివిడిగా చూసుకుంటారు. ఫోన్ నంబరు? ఈ ఊళ్ళో ఏ షాపులో ఏం కొన్నా "నంబర్ చెప్పండి సార్" అంటారు, అది వాళ్ళ డిక్షనరీ కీ. మా ఇంట్లో నలుగురం అమ్మ నంబరే చెబుతాం. ఒక బట్టల షాపు లెక్కలో మా అమ్మ నెలకి మూడు జీన్స్ ప్యాంట్లు కొంటుంది.

అప్పుడు గాని నాకు ఆ సోమవారం సాయంత్రం అత్త అన్న మాట గుర్తుకురాలేదు. "పదిహేడో పేజీ వాళ్ళు." ఆవిడ ఎప్పుడూ పడవ పేరుతో మాట్లాడలేదు. వెళ్ళి పుస్తకం మళ్ళీ తిరగేశాను, ఈసారి అంకెలు కాకుండా పేజీల తలకట్లు చూస్తూ. పదిహేడో పేజీ పైన "గంగమ్మ తల్లి", పక్కన బ్రాకెట్లో "నీలం", దాని మీద గీత, "ఆకుపచ్చ". పడవకి రంగేయించినట్టున్నారు. ఇంకో పేజీలో ఆసామి పేరు కొట్టేసి కొడుకు పేరు. మరో చోట పడవ పేరే మొత్తం కొట్టేసి వేరేది, పేజీ మాత్రం అదే. పడవ అమ్ముడైన చోట పాత పేజీ అడుగున గీత గీసి, కొన్నవాళ్ళకి కొత్త పేజీ ఇచ్చింది. పేరు, రంగు, పడవ, మనిషి, అన్నీ ఆవిడకి వాల్యూలే. కీ పేజీ నంబరు. దానికి అర్థమంటూ ఏమీ లేదు కాబట్టి మారాల్సిన అవసరమూ రాలేదు. డేటాబేస్ పుస్తకాల్లో దీన్ని సరొగేట్ కీ అంటారు. నేను ఆ పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు పనికిరాదని వదిలేసిన ఒకే ఒక్క అంకె అది.

ఒప్పుకోవాలి, అంతా పేజీ నంబర్లతో తేలిపోదు. ఆ అంకెని మనిషి దగ్గరికి చేర్చడానికి పేరు నుంచి పేజీలకి ఇంకో డిక్షనరీ కావాలి, అందులో ఒక పేరుకి వాల్యూగా పేజీల జాబితా ఉండాలి. గంగమ్మ తల్లి అంటే 17, 42 రెండూ చూపించి, ఏదో అడగాలి. అత్త కూడా అదే చేస్తుంది, "ఏ గంగమ్మ? ఆకుపచ్చేనా?" అని. నా మొదటి ప్రోగ్రాం అడగలేదు, అదే దాని పొగరు.

ఇక్కడే ఇంకో దెబ్బ తగిలింది. కీలని 17, 42 అని పూర్ణాంకాలుగా పెట్టి రాత్రికి జేసాన్ ఫైల్‌లో, అంటే డేటాని అక్షరాలుగా రాసి దాచే ఫైల్‌లో, దాచాను. జేసాన్‌లో ఆబ్జెక్టు కీలు స్ట్రింగులే. పొద్దున తెరిస్తే 17 కాస్తా "17" అయి కూర్చుంది. పైథాన్‌కి ఆ రెండూ వేరు. కొత్త బాకీ 17లోకి, పాతది "17"లో. పద్ధతిగా ఉండే పైథాన్ మళ్ళీ 1నీ, 1.0నీ, నిజం అని చెప్పే ట్రూనీ ఒకే కీ అంటుంది. ఎవరి లెక్క వాళ్ళది.

ఇప్పటిదాకా కీ ఉన్నప్పటి బాధలు. లేనప్పటివి ఇంకా పెద్దవి, వాటి మీద నాకు పట్టుదలతో కూడిన అభిప్రాయం ఉంది. మా ఆఫీసులో కుర్రాళ్ళు అందరూ గెట్ వాడతారు. కీ లేకపోతే ఎర్రర్ వద్దు, సున్నా ఇచ్చెయ్ అని. "క్రాష్ అవ్వదు కదా అన్నా" అంటారు. అవ్వదు. దాని ఫలితం చూడండి.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలకీ ఇంజను పడవలకీ వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. జూన్ 15న ఒక్కసారిగా అందరూ ఐసుకి ఎగబడతారు, కాబట్టి ఎన్ని దిమ్మలు చెప్పి ఉంచాలో ముందే తేల్చుకోవాలి. ప్రోగ్రాం ఉందిగా, పడవకి నెలకి సగటున ఎన్ని దిమ్మలో లెక్కగట్టాను. పన్నెండు నెలల మీద తిరిగి, నెల కీ ఉంటే ఆ అంకె, లేకపోతే గెట్ పుణ్యమా అని సున్నా. జనవరిలో కొత్తగా కొన్న ఒక పడవని చూద్దాం. జనవరి 90, ఫిబ్రవరి 90, మార్చి 90, ఏప్రిల్ సగమే కాబట్టి 45. మొత్తం 315. పన్నెండుతో భాగిస్తే 26. వేటకెళ్తే నెలకి 90 దిమ్మలు తీసుకునే పడవకి నేను 26 చెప్పాను. మిగతా ఎనిమిది నెలల్లో ఏడింట్లో ఆ పడవ మా పుస్తకంలోనే లేదు, మేలో చట్టం వెళ్ళనివ్వలేదు. ఆ ఎనిమిదీ నాకు ఒకేరకం సున్నాలు. జూన్ 15 పొద్దున్న ఎనిమిదిన్నరకే మావయ్య దగ్గర ఐసు అయిపోయింది. ఎండలో లైన్లో నిలబడ్డవాళ్ళ మాటలు ఇక్కడ రాయలేను.

చదరపు బ్రాకెట్లతో అడిగి ఉంటే మొదటి పడవ దగ్గరే కీ ఎర్రర్ వచ్చి ఆగేది. ఆగితే చూసేవాణ్ణి. కీ లేకపోవడం, కీ ఉండి వాల్యూ నన్ (ఏమీ లేదు అనే గుర్తు) అవ్వడం, కీ ఉండి వాల్యూ సున్నా అవ్వడం, ఇవి మూడు వేరే కబుర్లు. అత్త పుస్తకంలో మే నెలకి అడ్డంగా "వేట లేదు" అని ఉంటుంది. వేటకెళ్ళి కూడా వేరేచోట ఐసు కొన్నవాళ్ళకి సున్నా చుట్టి, పక్కన చిన్న ప్రశ్నార్థకం. ఇంకా రాని పడవకి అసలు పేజీయే లేదు. గెట్ ఆ మూడింటినీ కలిపి పిండి చేసింది. గెట్ వాడొద్దనడం లేదు. ఒక వ్యాసంలో ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కబెట్టేటప్పుడు లేని మాటకి సున్నా న్యాయమే, అక్కడ లేకపోవడమే సున్నా. కానీ ఎర్రర్ నోరు నొక్కడానికి గెట్ వాడుతుంటే, ఆ ఎర్రర్ ఏం చెప్పబోయిందో ఒకసారి వినండి.

ఇంకొక్క గొడవ, ఇది చిన్నది. కీలు ముందే తెలిసిన చోట డిక్షనరీ ఎందుకు? పడవల పట్టికకి డిక్షనరీ కావాలి, ఏ పడవలు వస్తాయో కోడ్ రాసేటప్పుడు తెలీదు. కానీ ఒక్కో పడవ వివరాలు, అంటే పేరు, రంగు, ఆసామి, బాకీ, ఇవి నాకు ముందే తెలుసు. వీటికి కూడా డిక్షనరీయే పెట్టి, అలాంటిదాన్ని పది ఫంక్షన్ల చేతులు మార్చాను. ఒకచోట "బాకీ" అని, ఇంకోచోట నిద్రమత్తులో "బాకి" అని రాశాను. దీర్ఘం పోయినందుకు పైథాన్‌కి ఏ బాధా లేదు, కొత్త కీ తెరిచి అందులో వేసింది. వివరాల పేర్లు ముందే రాసిపెట్టే డేటాక్లాస్ రాసి, కొత్త పేర్లు చేరనివ్వని స్లాట్స్ (3.10 నుంచి ఉంది) ఆన్ చేస్తే అలాంటి పేరు లేదని అక్కడికక్కడే పట్టుకుంటుంది. "నాలుగు లైన్లు ఎక్కువ కదా అన్నా" అన్నాడు మా టీములో కుర్రాడు. ఆ నాలుగు లైన్లు రాయకుండా నేను ఒక శనివారం పోగొట్టుకున్నానని చెప్పాను. వాడి మొహం చూస్తే నమ్మినట్టు లేదు. వాడికింకా అలాంటి శనివారం రాలేదు.

ఇప్పుడు ప్రోగ్రాం బాగానే నడుస్తోంది. కీలు పేజీ నంబర్లు, దాచేటప్పుడూ తీసేటప్పుడూ స్ట్రింగులే. మావయ్య కుర్రాళ్ళు కూడా ఫోన్‌లో 17 అని కొట్టి వెతుకుతున్నారు. ఈ జూన్‌లో వేట మొదలయ్యేముందు హార్బర్‌కి వెళ్తే అత్త కొత్త బౌండు పుస్తకం తీసి, స్కేలు పెట్టి గీతలు గీస్తోంది. పాతది నిండిపోయిందట. మొదటి పేజీ మూల 1 వేసింది, తర్వాత 2. ఎవరొస్తే వాళ్ళకి పేజీ ఇస్తానంది. అంటే పదిహేడో పేజీ ఇక గంగమ్మ తల్లిది కాకపోవచ్చు. నా గుండె జారింది. ఆవిడకి చెప్పాలా, మెల్లిగా టపుల్ గురించి ఎత్తాలా అని నేను నీళ్ళు నములుతుండగానే, మావయ్య బయటినుంచి కేకేశాడు. పదిహేడో పేజీ బాకీ ఎంత అని.

అత్త తలెత్తకుండానే అంది. "పాత పుస్తకమా, కొత్తదా?"